వాటర్ పంపుకి జ్ఞానతల్లి కావలెను

కంపెనీ తయారుచెయ్యడం మానేసిన పార్టు ఏదైనా సరే, మా తాత నెమెసియో చుకిమియా పుట్టించగలడు. రేపు దేవుడు మనుషులకి పక్కటెముకలు తయారుచెయ్యడం ఆపేశాడే అనుకోండి, మా తాత ఏ మేకదో ఒకటి తెచ్చి, మొదలు కొంచెం అరగదీసి, రెండు వాషర్లు వేసి బిగించేస్తాడు. ఆ మనిషి మర్నాడు లేచి పనికి పోతాడు. మహా అయితే పచ్చని ఆకు కనబడినప్పుడల్లా కాస్త నోరు చప్పరిస్తాడు.

అయితే ఒక షరతు. ఆ పక్కటెముకకి జ్ఞానతల్లో జ్ఞానతండ్రో ఎవరో ఒకరు ఉండి తీరాలి. లేకపోతే మా తాత పానా ముట్టుకోడు.

మా ఊరు సాన్ ఆంతోలిన్‌లో, జ్ఞానస్నానం నాడు పెద్దదిక్కుగా నిలబడే జ్ఞానతండ్రులు పసిపిల్లలకే కాదు, పెళ్ళి కేకుకి ఒకడు, బ్యాండుమేళానికి ఒకడు, ఫుట్‌బాల్ జట్టు చొక్కాలకి ఒకడు, కొత్త ఇంటి కప్పుకి ఒకడు ఉంటారు. అందులో వింతేమీ లేదు. కానీ బుల్‌డోజరు హెడ్ గ్యాస్కెట్‌కి జ్ఞానతల్లిని వెతుక్కుంటూ ఊళ్ళు తిరిగినవాడు ఈ కొండల్లో మా తాత ఒక్కడే.

ఆ బుల్‌డోజరు పేరు ఉర్సులా. మునిసిపాలిటీ ఆస్తి. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. మామూలు రోజుల్లో దాన్ని ఎవరూ పలకరించరు. వానాకాలం వచ్చి, కొండచరియ జారి రోడ్డు మీద పడుకుందా, ఊరంతా మా షెడ్డు ముందుకొచ్చి "మా తల్లి ఉర్సులా ఎలా ఉంది?" అంటుంది. ఆ తల్లిని కన్న కంపెనీ ఆ మోడలు ఆపేసి ఇరవై ఆరేళ్ళు. అప్పట్నుంచీ లాపాస్ నగరంలో స్పేర్ పార్టుల కొట్టువాళ్ళకి మా తాత ఫోనంటే హడలు.

"నెమెసియో గారూ, ఆ పార్టు ఇప్పుడు రావట్లేదండీ."

"అది రాకపోతే మనమే వెళ్దాం. దాని బంధువులెక్కడున్నారో చెప్పు."

"పార్టుకి బంధువులేమిటండీ?"

"తోబుట్టువులయ్యా! ఒకే కార్ఖానాలో, ఒకే అచ్చులో పోతపోసినవాళ్ళు. ఒకడు బుల్‌డోజరులో పడితే ఇంకొకడు బస్సులో పడతాడు, మూడోవాడు ఏ రంపపు మిల్లులోనో కూలి చేసుకుంటుంటాడు. అన్నదమ్ములు కూడా తెలియనివాడివి, కొట్టెందుకు పెట్టావు?"

ఫోను పెట్టేశాక వెతుకులాట మొదలు. ఉర్సులాకి పిస్టన్ రింగులు రంపపు మిల్లునించి వచ్చాయి. డీజిల్ పంపు మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ జనరేటరుది. నాజిళ్ళు ఎక్కడివో తాత చెప్పడు, నేనడగను. వచ్చిన సంబంధానికి పొడుగెక్కువైతే కోస్తాడు, లావు తక్కువైతే తొడుగు వేయిస్తాడు, బెజ్జాలు కలవకపోతే మధ్యలో ఇనప పలక పెట్టి ఇద్దర్నీ రాజీ చేస్తాడు. తొడుగులు లేత్ మీద తీసేది నేను. ఏడో తరగతిలో భిన్నాల దగ్గర నాకూ బడికీ చెడింది. ఆ భిన్నాలే పానాల మీద చెక్కి ఉంటే ఇట్టే వచ్చేశాయి. పంతులుగారు మమ్మల్ని పానాలతో కొట్టి ఉంటే ఈపాటికి డాక్టర్నయ్యేదాన్ని.

ఇక జ్ఞానస్నానం. జ్ఞానతల్లి ఒక బీరు సీసా తేవాలి. మొదటి చుక్కలు భూమితల్లికి, రెండోవి పార్టుకి, మిగతావి మేస్త్రీకి. ఒక చిటికెడు రంగు కాగితం ముక్కలు చల్లాలి. ఆ తర్వాత తాత తెల్లరంగు డబ్బా తీసి, పార్టు మీద ఆవిడ పేరు రాస్తాడు. ఆనాటినుంచీ ఆ పార్టు పేరు అదే. ఉర్సులా ఇంజను మూత ఎత్తితే శుభలేఖ చదివినట్టుంటుంది.

దీనివల్ల వచ్చే చిక్కులు ఇన్నీ అన్నీ కావు. ఉర్సులాని నడిపేది ఫ్రోయ్లాన్. ఒకరోజు సంత మధ్యలో నిలబడి మా తాతని కేకేశాడు.

"మేస్త్రీ! ఎలోదియా గారు పొద్దున్నించీ కారుతున్నారు!"

"ఎంత?"

"గంటకో గ్లాసు!"

"పాపం, పెద్దావిడ. మధ్యాహ్నం విప్పదీసి డీజిల్‌తో కడుగుదాం!"

కొత్తగా ఎన్నికైన మేయరు లింబెర్ట్ కోవాకిరా గారు అప్పుడే అటు వెళ్తూ, బొప్పాయిలు అమ్మే ఆవిడ వెనక దాక్కుని సిలువ గుర్తు వేసుకున్నారు.

ఇంకో ఆచారం ఉంది. ఇది పూర్తిగా మా తాత సొంత సరుకు. ఏటా కార్నివాల్ ముగిసే ఆదివారం, ఉర్సులా తన జ్ఞానతల్లుల ఇళ్ళకి వెళ్ళి నమస్కారం పెట్టి రావాలి. వెనక ఒక డోలు, రెండు బాకాలు, మేము.

"ఫ్రోయ్లాన్, బ్లేడు దించు," అంటాడు తాత.

"మేస్త్రీ, నేల గీరుకుంటూ పోతే డీజిలు తాగేస్తుంది."

"తాగనీ. పెద్దల గడపకి ముక్కు పైకెత్తుకుని పోతారా ఎవరైనా? తల వంచుకుని వెళ్ళాలి. మీ అమ్మ నీకేం నేర్పలేదా?"

"మా అమ్మకి బ్లేడు లేదు మేస్త్రీ."

"నోరుందిగా. దించు."

అలా ఉర్సులా తల నేలకానించి, పెళ్ళికూతురులా మెల్లగా, రాళ్ళూ మట్టీ నెట్టుకుంటూ కొండలెక్కేది. తిరిగొచ్చేటప్పుడూ అదే మర్యాద. వెనక నడిచే మేము దుమ్ము కొట్టుకుపోయి, ఇంటికొచ్చేసరికి పిండిలో పొర్లించిన చేపల్లా ఉండేవాళ్ళం.

పోనీ జ్ఞానతల్లులుగా కాస్త పేరున్నవాళ్ళని పిలుస్తాడా? మందుల షాపాయన రెండుసార్లు అడిగాడు, ఫాదర్‌గారి తమ్ముడు ఏకంగా డజను సీసాలు పంపాడు. తాత సీసాలు తీసుకుని మనిషిని వద్దన్నాడు. తాత పిలిచేది వాగు అవతల బట్టలుతికే ఎలోదియానీ, తేనె అమ్ముకునే చెవిటి ప్రుదెన్సియోనీ, ఎక్కడో కొండకొమ్మున బొగ్గులు కాల్చుకునే అన్నదమ్ముల్నీ. ఒక్కరి దగ్గరా సరైన బీరుండదు. మా తాతకి పెద్దవాళ్ళతో మెలగడం చేతకాదని ఇంటిల్లిపాదీ తీర్మానించుకున్నాం.

ఈ ఏడు జనవరిలో ఉర్సులా పెద్ద రోడ్డు మీద పడ్డ చరియని తోసేసి, ఆఖరి రాయి లోయలోకి దొర్లించి, పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. వాటర్ పంపు ఒళ్ళు అడ్డంగా చీలింది. పోత ఇనుము. తాత రెండుసార్లు వెల్డింగ్ చేశాడు. రెండుసార్లూ పక్కనే కొత్త చీలిక వచ్చింది.

మేయరు గారు షెడ్డుకొచ్చారు. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఆయన ఉన్నచోట ఫొటో తీసేవాళ్ళు కూడా ఉండాలి.

"నెమెసియో గారూ, ఇక చాలు. దీన్ని తుక్కుకి ఇచ్చేద్దాం. కార్నివాల్ మంగళవారం మధ్యాహ్నం లారీ వస్తుంది."

"వానలు ఇంకా పోలేదు. మళ్ళీ కొండ జారితే?"

"కొత్తది అద్దెకి తెస్తాం. అయినా మనం చూసుకోవలసింది పది ఇళ్ళున్న దారులే కదా. అంతకి తక్కువున్న దారులకి మునిసిపాలిటీ బండి వెళ్ళకూడదని మా ముందున్నవాళ్ళు తీర్మానం చేసేశారు."

తాత ఎప్పుడూ బుగ్గన పెట్టుకుని నమిలే కోకా ఆకుల ఉండని ఆ వైపునించి ఈ వైపుకి మార్చాడు. ఆయన ఆలోచిస్తున్నాడనడానికి అదొక్కటే గుర్తు.

"లారీ ఎన్నింటికండీ?"

"పన్నెండింటికి."

"అయితే పదకొండింటికి జ్ఞానస్నానం. తమరు తప్పకుండా రావాలి."

"ఎవరికి జ్ఞానస్నానం?"

"కొత్త పంపుకి."

"ఉందా?"

"పుట్టే ఉంటుంది. ఎక్కడుందో చూడాలి."

కార్నివాల్‌కి పన్నెండు రోజులుంది. మర్నాడు పొద్దున్నే పనిముట్ల సంచీ నా వీపుమీద పెట్టి, తాను ఖాళీచేతులతో ముందు నడిచాడు. పోతున్నది కాయాపంపాకి. నాలుగేళ్ళ క్రితం దారి కొట్టుకుపోయాక ఆ పైకి మేకలు తప్ప ఎవరూ వెళ్ళట్లేదు. రెండు గంటల ఎక్కుడు. డెబ్భైతొమ్మిదేళ్ళ మనిషి దారిలో మూడుసార్లు ఆగాడు. మూడుసార్లూ "నువ్వు అలిసిపోయావు, కూర్చో" అన్నాడు నాతో.

పైన ఉన్నవి రెండే ఇళ్ళు. ఒకటి హసింటా సబాలా గారిది. వాకిట్లో ఆవిడ భర్త నడిపిన పాత బస్సు. దారి పోయిన రోజున పైనే చిక్కుకుపోయి, ఇక దిగలేదు. భర్త పోయాక అందులో కోళ్ళు కాపరం పెట్టాయి. హసింటా గారు మోకాలికి గుడ్డ చుట్టుకుని, వీపుమీద నారింజల మూట కట్టుకుంటూ కనిపించింది. సంతకి దిగాలట. చెట్లకింద రాలి మురుగుతున్న నారింజల వాసన వాకిలంతా ఉంది.

"ఏమయ్యా నెమెసియో, పోయావనుకున్నానే!"

"మోడలు ఆపేశారమ్మా. ఉన్న సరుకు ఇంకా నడుస్తోంది."

"ఎందుకొచ్చావు?"

"మీ బస్సు వాటర్ పంపుకీ మా ఉర్సులా పంపుకీ తల్లి ఒక్కతే. పిల్లనడగడానికొచ్చాను."

ఆవిడ బస్సుకేసి చూసింది. "తీసుకెళ్ళు. ఆయనుంటే తనే విప్పి ఇచ్చేవాడు," అంది. వెంటనే వేలు చూపించింది. "కానీ కోడిని కదిలించావో, చూసుకో!"

ఇంజను గదిలో, సరిగ్గా పంపు మీద, ఒక ఎర్ర కోడి గుడ్లు పొదుగుతోంది.

"ఎన్నాళ్ళయింది పొదగడం?"

"ఆరు రోజులు."

పిల్లలు లేవడానికి పట్టే ఇరవై ఒక్క రోజుల్లో ఆరు పోతే పదిహేను. కార్నివాల్‌కి పదకొండు. లెక్క కోడి పక్షాన ఉంది.

"పొదిగే కోడిని లేపితే పాపం," అంది హసింటా గారు.

"లేపను," అన్నాడు తాత. "అడుగుతాను."

టోపీ తీసి, ఇంజను కింద వెల్లకిలా దూరాడు. పంపుకి నాలుగు బోల్టులు. మూడు తొందరగానే లొంగాయి. నాలుగోది కోడి కడుపు కింద ఉంది. తాత పానా పెట్టినప్పుడల్లా కోడి ఆయన ముక్కుమీద ఒక్కటిచ్చేది. "క్షమించాలి తల్లీ, ఇంకొక్క తిప్పు," అనేవాడు. ఠక్. "అయిపోయింది తల్లీ." ఠక్. పంపుని కిందకి జార్చి, దాని చోట ఒక ఇటుక, ఇటుక మీద తన టోపీ పెట్టాడు. కోడి గుడ్లతో సహా టోపీలోకి సర్దుకుంది. రెండున్నర గంటలు పట్టింది. బయటికొచ్చేసరికి తాత ముక్కు జామపండులా ఉంది.

"టోపీ?" అన్నాను.

"పిల్లలు లేచాక ఇస్తుంది."

పంపు ఇరుసు సన్నం, ముక్కు పొడుగు. నేను మూడు తొడుగులు తీశాను. రెండు పాడుచేశాను. తాత ఇనప పలక కోసి, బెజ్జాలు కొట్టి, సోమవారం సాయంత్రానికి పంపుని ఉర్సులా ఇంట్లో దిగబెట్టాడు. చుక్క కారలేదు. మంగళవారం జ్ఞానస్నానానికి రమ్మని హసింటా గారికి కబురు వెళ్ళింది.

ఆ కబురు పైకి చేరకముందే మేయరు గారొచ్చారు.

"ఈసారి జ్ఞానతండ్రిని నేను."

"అయ్యో, తమరికెందుకండీ శ్రమ? తమరి ఇల్లు సంత పక్కనే, ముందు సిమెంటు రోడ్డు."

"దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏమీ లేదండీ," అన్నాడు తాత గబుక్కున.

"నేను జ్ఞానతండ్రినైతే లారీని వెనక్కి పంపేస్తాను. నా పిల్లని నేను తుక్కుకి ఎలా ఇస్తాను? లేదంటే అనుకున్నట్టే తుక్కుకి పోవలసిందే."

తాత ఆకుల ఉండ మూడుసార్లు అటూ ఇటూ తిరిగింది. చివరికి తల ఊపాడు. తాత ఓడిపోవడం నేను చూడ్డం అదే మొదలు. నాకు నచ్చలేదు.

మంగళవారం పదకొండు. బ్యాండు ఒకవైపు, ఖాళీ తుక్కు లారీ ఒకవైపు. హసింటా గారు బుట్ట నిండా నారింజలతో కుంటుకుంటూ దిగొచ్చి, వెనక వరసలో నిలబడింది. మేయరు గారు చిటికెడు కాగితం ముక్కలు చల్లే మనిషా? రెండు బస్తాలు తెప్పించారు. రెండు కేసుల బీరు. ఫ్రోయ్లాన్ ఇంజను తిప్పగానే ఉర్సులా గర్జించింది, జనం కేకలేశారు, ఫొటోవాడు "ఇంకా, ఇంకా" అన్నాడు, మేయరు గారు ఇంజను ముందు నిలబడి చేటలతో చల్లారు. ఒక సీసా, ఒక చేట. ఒక సీసా, ఒక చేట.

పది నిమిషాలకి ఇంజను వేడి చూపే ముల్లు ఎర్రగీత దాటింది. రేడియేటరు మూతలోంచి ఆవిరి బుస్సుమంది. ఫ్రోయ్లాన్ ఇంజను ఆపి కిందికి దూకాడు. బ్యాండు కూడా ఆగిపోయింది, బాకా ఒక్కటి తప్ప. అతను కళ్ళు మూసుకుని వాయిస్తున్నాడు.

"చెప్పానా!" అన్నారు మేయరు గారు మీసానికంటుకున్న కాగితాలు దులుపుకుంటూ. "కోళ్ళగూట్లోంచి తెచ్చిన పంపు! లారీ ఇటు తీసుకురండి!"

తాత తొందరపడలేదు. ముందుకెళ్ళి, రేడియేటరు జాలీలోకి నాలుగు వేళ్ళు దూర్చి లాగాడు. దుప్పటంత మందాన, గులాబీ, పసుపు, పచ్చ కలగలిసిన కాగితం ముద్ద ఊడొచ్చింది. ఫ్యాను కాగితాలని పీల్చుకుంది, బీరు వాటిని అతికించింది, ఇంజను వేడి వాటిని రొట్టెలా కాల్చింది. గాలి ఆడే సందు ఒక్కటి లేదు.

"పంపుకేమీ కాలేదండీ," అన్నాడు తాత ఆ రొట్టెని మేయరు గారి చేతుల్లో పెట్టి. "జ్ఞానతండ్రే కొంచెం ఎక్కువయ్యాడు."

జనం నవ్వాపుకోలేకపోయారు. లారీ డ్రైవరు కూడా. మేయరు గారి ముఖం కాగితాల్లో ఉన్న రంగులన్నీ తిరిగింది.

"జ్ఞానస్నానం నాడే పిల్లకి జ్వరం తెప్పించినవాళ్ళు పక్కకి తప్పుకోవాలి," అన్నాడు తాత మెల్లగా. "ఆచారం."

"ఇదెప్పటి ఆచారం?"

"చాలా పాతది. తమరు చిన్నవారు, తమరికి గుర్తుండదు."

మేయరు గారు రొట్టెకేసి చూశారు, జనంకేసి చూశారు. ఆపైన నేననుకోని పని చేశారు. ఆయనా నవ్వేశారు. "ఎవరో ఒకర్ని పెట్టండి స్వామీ, ముందు ఫొటోవాణ్ణి అటు తిప్పండి," అన్నారు. లారీని ఖాళీగా పంపేశారు.

జాలీ కడిగాక హసింటా గారు ముందుకొచ్చింది. రెండు చుక్కలు నేలకి, రెండు పంపుకి. ఒక చిటికెడు కాగితం, అదీ దూరంగా నిలబడి. ఉర్సులా గంటసేపు నడిచింది. ముల్లు మధ్యలో కూర్చుని కదల్లేదు. తాత తెల్లరంగుతో "హసింటా" అని రాస్తుంటే, ఆవిడ పక్కనే వంగి "సబాలా కూడా రాయి. అది ఆయన పేరు," అంది.

ఆదివారం ఉర్సులా కాయాపంపాకి బయలుదేరింది. తల వంచుకునే. హసింటా గారు ఫ్రోయ్లాన్ పక్కన, రాణిలా. నేను వెనక చట్టం మీద. మేయరు గారు నడిచి వస్తానన్నారు.

"నెమెసియో గారూ, ఇది రోడ్డు పని కాదు కదా? తీర్మానం..."

"ఛ ఛ! మర్యాద."

మట్టి గుట్ట అడ్డొచ్చిన ప్రతిచోటా ఉర్సులా వినయంగా తల వంచి దాన్ని లోయలోకి నెట్టింది. తొమ్మిదో మలుపు దగ్గర దుమ్ము దులుపుకుందామని వెనక్కి తిరిగాను. వెనక రోడ్డుంది. పొద్దున్న లేదు.

ఏడో తరగతి తప్పినదాన్నే గానీ, పదిలోపు లెక్కలు నాకొచ్చు. కాయాపంపాలో ఇళ్ళు రెండు. ఎలోదియా గారున్న వాగు అవతల నాలుగు. ప్రుదెన్సియో గారి తేనెల కొండ మీద మూడు. బొగ్గుల అన్నదమ్ములది ఒకటి, ఒక పాక. ఉర్సులా ఇంజను మీద తెల్లరంగుతో రాసిన పేర్లలో ఒక్కరికీ పది ఇళ్ళ దారి లేదు. ఇప్పుడు ఒక్కరికీ దారి తెగి కూడా లేదు. పదిహేనేళ్ళుగా నేను మింగిన దుమ్మంతా ఆ దారులదే.

మరో వారానికి ఒక చిన్న ట్రక్కు కాయాపంపా ఎక్కి, హసింటా గారి నారింజలు దించుకొచ్చింది. ముందు సీటులో తాత టోపీ ఉంది. టోపీలో ఏడు కోడిపిల్లలున్నాయి.

ఇదంతా రాసి, మొన్న షెడ్డులో తాతకి చదివి వినిపించాను. ఆయన ఒక నాజిల్ తుడుచుకుంటూ చివరిదాకా విన్నాడు. ఆకుల ఉండ ఒక్కసారే కదిలింది.

"ఎలా ఉంది తాతా?"

"పంపుకి బోల్టులు నాలుగు కాదే, ఆరు. నాలుగే పెడితే కారుతుంది. చివర్లో ఆ దారుల గుట్టు రాశావే, అక్కడ నీ రాతా కారుతోంది. పానా తెచ్చి బిగించు."